ఆరేళ్ల బిడ్డ పోర్ట్‌ఫోలియో: తప్పులు దిద్దాలా, ఉన్నవి ఉన్నట్టే పెట్టాలా?

హన్మకొండ అమ్మ:
మా బిడ్డ ఒకటో తరగతి. ఇక్కడ ఒక స్కూల్లో చురుకైన పిల్లలకు వేరే బ్యాచ్ పెడుతున్నారు. బిడ్డ చేసిన పనులు పది, రెండు నిమిషాల వీడియో, మా ఉత్తరం ఒకటి అడిగారు. దానికి రైళ్ల పిచ్చి. పాత క్యాలెండర్ వెనక కాజీపేట జంక్షన్ గీసింది. సికింద్రాబాద్‌కు ఒక లైను, వరంగల్‌కు ఒకటి, బల్లార్షకు ఒకటి. శాతవాహన 25 నిమిషాలు లేటైతే ఎన్నింటికి వస్తుందో పక్కనే లెక్కేసింది. బల్లార్షను 'బలాష' అని రాసింది, మూలకు పప్పు మరక. నీట్‌గా మళ్లీ గీయించమని మా ఆడబిడ్డ ఒకటే పోరు. శుక్రవారమే ఆఖరు. ఏం చేయను?

సర్కారు బడి మాస్టారు:
మరకతో సహా పెట్టండమ్మా. కింద ఒక చీటీ అంటించండి: ఏ తేదీన గీసింది, ఎంతసేపు కూర్చుంది, ఎవరు గీయమన్నారు, ఎవరు సాయం చేశారు. నాలుగు నెలల కిందటి రైలు బొమ్మ ఉంటే దాని పక్కనే పెట్టండి, ఎంత ఎదిగిందో తెలుస్తుంది. పది సర్టిఫికెట్ల కంటే కొట్టేసి మళ్లీ చేసిన లెక్క ఒక్కటి ఎక్కువ చెబుతుంది. వీడియోలో పద్యాలు అప్పజెప్పించకండి. అమెరికాలో చురుకైన పిల్లల కోసం నడిపే డేవిడ్సన్ యంగ్ స్కాలర్స్‌కు మా తమ్ముడు పంపినవి కూడా పిల్లాడి చిత్తు కాగితాలే.

కాజీపేట నాన్న:
వినడానికి బాగుంది. పోయినేడు మేమూ ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం, రాలేదు. పక్కింటి వాళ్లు కలర్ ప్రింట్లు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించారు, వాళ్లకు వచ్చింది. అక్కా, చౌరస్తాకు పోయి బైండింగ్ చేయించు.

నయీంనగర్ 2:
ఆరేళ్లకే బయోడేటా. కట్నం కాలమ్ ఒక్కటే తక్కువ.

రైల్వే రిటైర్డ్:
శాతవాహన విజయవాడ–సికింద్రాబాద్ బండి. బల్లార్ష లైను ఎక్కదు. బొమ్మ తప్పు.

హన్మకొండ అమ్మ:
అటు శాతవాహనను గీయలేదు సార్. భాగ్యనగర్‌ను గీసింది.

రైల్వే రిటైర్డ్:
భాగ్యనగర్ కాగజ్‌నగర్ దాకానే కదా.

కరీంనగర్ పిల్ల:
ప్రతిభ ఉన్న పిల్లలకు తరగతిలోనే టీచరు అదనపు సామగ్రి ఇచ్చి ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. మళ్లీ వేరే బ్యాచ్ దేనికి, ఫీజుకు కాకపోతే?

సర్కారు బడి మాస్టారు:
బైండింగ్ చూసి తీసుకునే చోట బిడ్డను వేయకపోవడమే నయం.

కాజీపేట నాన్న:
చెప్పడం సులువే. ఫైలు తిరిగొచ్చిన ఇల్లు ఎట్లుంటుందో మీకేం తెలుసు?

సర్కారు బడి మాస్టారు:
అసలు ఫైలే లేని పిల్లలు నాకు తెలుసు. పరకాల దగ్గర నా క్లాసులో ఒకడుండేవాడు. బాపుతో ఎనుమాముల మార్కెట్‌కు పోయి, పత్తి తూకం, తరుగు, కమీషన్ అన్నీ నోటితోనే తేల్చేసేవాడు. నవోదయ పరీక్షలో 80 ప్రశ్నలు, రెండు గంటలు. వాడికి గంట చాలు. దరఖాస్తు గడువు నేనే చూసుకోలేదు. ఐదో తరగతిలో ఒక్కసారే రాయనిస్తారు. మీరు ఇక్కడ స్పైరల్ కోసం కొట్లాడుతున్నారు.

కాజీపేట నాన్న:
స్పైరల్ కోసం కాదు సార్. ఫైలు తిరిగొచ్చిన రోజు నా కొడుకు 'నా బొమ్మలు బాలేవా నాన్నా' అన్నాడు. ఏడాదైంది, మళ్లీ క్రేయాన్ ముట్టలేదు. నేను కూర్చుని నీట్‌గా చేసి ఉంటే, బాలేదన్న మాట నాకు తగిలేది. వాడికి కాదు.

సర్కారు బడి మాస్టారు:
అప్పుడది వాడి ఫైలు కాదు, మీది.

కాజీపేట నాన్న:
నేననేదీ అదే.

నయీంనగర్ 2:
బయోడేటా అన్నందుకు సారీ అన్నా.

హన్మకొండ అమ్మ:
రాత్రి మాస్టారు చెప్పిన చీటీ రాస్తూ 'ఎవరు సాయం చేశారు' దగ్గర ఆగిపోయాను. రైలు ఎంత లేటో ఫోన్లో చూసి చెప్పింది మా పెద్దోడు, తొమ్మిదేళ్లు. 'నా పేరు రాస్తావా' అని పక్కనే నిలబడ్డాడు.

కాజీపేట నాన్న:
రాయకు అక్కా. సొంతంగా చేయలేదంటారు.

సర్కారు బడి మాస్టారు:
రాయండి.

రైల్వే రిటైర్డ్:
కూడిక ఎవరు చేశారు?

హన్మకొండ అమ్మ:
బిడ్డే సార్. వాడు 20 నిమిషాలన్నాడట. ఇది ఫోన్ లాక్కుని చూసి, 20 కొట్టేసి 25 వేసింది. ఆ కొట్టివేత కూడా కాగితం మీదే ఉంది. వాడి పేరు రాశాను.