వరి కుచ్చు ఇంట్లో అల్లాలా, కొన్నది కడితే పోదా? మా వసారా పంచాయితీ తేల్చండి

పర్లాకిమిడి కోడలు:
మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మాది పాత ఇల్లు, ముందు వసారా, అటొక అరుగు ఇటొక అరుగు, నాలుగు కర్ర స్తంభాలు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ మార్గశిరం మొదటి లక్ష్మివారం, అంటే గురువారం వచ్చిందంటే ఆ వసారా రూపే మారిపోయేది. పక్కింటి ఒడియావాళ్ళు ఆ నెల లక్ష్మీపూజ మాణబసాకి వేసే ఝోటి అనే పిండి ముగ్గులు, డిసెంబరు 16 నాటికి నెలగంట పెట్టాక మన ముగ్గులూ గొబ్బెమ్మలూ, దూలానికి వరి కుచ్చు, ఏది ఎవరి ఆచారమో మాకే తెలియనంతగా కలిసిపోయేవి. ఆవిడ పోయాక రెండేళ్ళు ఏమీ చెయ్యలేదు.

ఈసారి పిల్లలతో ఒక ఆదివారం కూర్చుని అన్నీ చేతులతో చేద్దామన్నాను. మా మరిది శనివారం సాయంత్రమే బరంపురం నుంచి సంచీడు సామాను తెచ్చి దింపాడు. ప్లాస్టిక్ బంతిపూల దండలు, రంగులు మారే లైట్ల తీగ, గచ్చుకి అంటించే ముగ్గు స్టిక్కర్లు, బంగారు రంగు పూసిన థర్మోకోల్ కలశం, ఇంకా నాకు పేరు తెలియనివి రెండు. "వదినా, పావుగంటలో అయిపోయే పనికి ఆదివారం అంతా తగలేస్తావా?" అంటాడు. మా ఆయన గోడ మీద పిల్లి. నాది చాదస్తమా? మొహమాటం లేకుండా చెప్పండి.

గట్టు మీద రైతు, గుణుపూర్:
చాదస్తం కాదమ్మా, కానీ కుచ్చు అల్లుతానంటున్నారు, గడ్డి ఎక్కడిది? అసలు చిక్కు అక్కడుంది. కోత మిషను దిగిన పొలంలో కంకి కంకిగా మిగలదు, గింజ డబ్బాలోకి పోతుంది, గడ్డి నుజ్జు నుజ్జయి వెనక పడుతుంది, దాంతో కుచ్చు కాదు కదా, చీపురు కూడా కట్టలేరు. నేను ఏటా మిషను రాకముందే గట్టు వారన రెండు బారలు కొడవలితో కోసి పక్కన పెట్టుకుంటాను. మా వైపు చాలామంది వేసేది స్వర్ణే, 1982లో మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 7029, పొట్టి రకం, అల్లడానికి కాడ చాలదు. మా నాన్న వేసే నాటు రకాలు నడుం ఎత్తు దాటేవి, ఆ కుచ్చు అందమే వేరు. అయినా స్వర్ణతోనే సర్దుకుంటున్నాం.

పూర్తిగా పండనివ్వకండి, కాడలో ఇంకా పచ్చ ఉండగానే కోసి నీడన ఆరబెట్టాలి, లేకపోతే అల్లుతుంటేనే గింజలు రాలిపోతాయి. అల్లే ముందు రాత్రి కాడల మీద నీళ్ళు చిలకరించి తడి గోనె కప్పండి, పొద్దునకి తాడులా వంగుతాయి. తర్వాత ఆడపిల్లకి జడ వేసినట్టే, మూడు పాయలు, ప్రతి మెలికకీ నాలుగేసి కంకులు కలుపుకుంటూ పోవడం.

ఇంకో మాట. కొన్నది అంటే ప్లాస్టిక్కే అని ఎందుకనుకుంటారు? మా సంతకి ఒక ముసలాయన అల్లిన కుచ్చులు తెచ్చి అమ్ముతాడు. అవీ చేత్తో చేసినవే, ఆ చెయ్యి మీది కాదు, అంతే తేడా.

బరంపురం చిన్నమ్మాయి:
ఈ "కుటుంబం అంతా కలిసి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కలిసి అంటే ఎవరెవరు? మా ఇంట్లో నేను ముందు రోజు బియ్యం నానబెట్టి, తెల్లారి అయిదింటికి లేచి రుబ్బి, మంచులో వాకిలి కడిగి, పేడ కలిపి, నడుం పట్టేసేదాకా వంగి వేస్తే, ఎనిమిదింటికి మా వారు కాఫీ గ్లాసుతో వచ్చి ఫోటో తీసి, "మా ఇంటి సంప్రదాయం" అని గ్రూపులో పెడతారు. పిల్లలు రంగు డబ్బాలు తిరగేసి వెళ్ళిపోతారు, అవి తుడిచేది కూడా నేనే. నేను బ్యాంకులో పని చేస్తాను, పదింటికల్లా కౌంటర్లో ఉండాలి. కిందటేడు ముగ్గు స్టిక్కరు అంటించిన రోజు నేను హాయిగా ఆరున్నర దాకా పడుకున్నాను, లక్ష్మీదేవి ఏమీ అలగలేదు.

కోడలుగారూ, మీ మరిదిని తప్పు పట్టే ముందు ఒకటి చెప్పండి. ఆ ఆదివారం పేడ ఎవరు కలుపుతారు?

పర్లాకిమిడి కోడలు:
దెబ్బ కొట్టారు. పేడ నేనే కలుపుతాను అనుకున్నాను, అసలు ఆ ప్రశ్నే నా బుర్రకి తట్టలేదు. మా అత్తగారికి కూడా ఎవరూ కలిపి ఇచ్చినట్టు గుర్తు లేదు.

రాయగడ మూడో అంతస్తు:
మరిదిగారి తరఫున నేను. మీకు వసారా ఉంది కాబట్టి ఇదంతా. మాకు తలుపు ముందు నాలుగడుగుల నడవ, పక్క ఫ్లాటు వాళ్ళ చెప్పుల స్టాండు అందులోనే. పిండి ముగ్గు వేస్తే చీమలు, కుచ్చు కడితే పావురాలు, గొబ్బెమ్మ పెడితే అసోసియేషన్ నుంచి నోటీసు. లైట్ల తీగ గ్రిల్లుకి చుట్టాను, మా పాప స్విచ్ వేస్తుంది, అదే మా పండగ. చేత్తో చేస్తేనే ప్రేమ అన్నట్టు మాట్లాడితే మాలాంటి వాళ్ళం ఎక్కడికి పోవాలి?

జయపురం వాసి:
లైట్లకి నా అభ్యంతరం లేదు, ఆ థర్మోకోల్ కలశం సంగతే చూడండి. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఉంది. బజార్లో అమ్ముతున్నారంటే అనుమతి ఉన్నట్టు కాదు. పైగా సంక్రాంతి మర్నాడు అది పోయేది కాలవలోకే.

నాదో సలహా. వసారా గోడకి ఎర్రమట్టి పూసి, తెల్ల పిండితో సవర గిరిజనులు వేసే బొమ్మలు వేయించండి. మనుషులు, ఏనుగులు, చెట్లు, వరసగా చాలా బాగుంటాయి, పిల్లలు కూడా గీతలు గీసినట్టు సులువుగా వేసేస్తారు.

గట్టు మీద రైతు, గుణుపూర్:
ఆ పని మాత్రం వద్దు తమ్ముడూ. మా చుట్టుపక్కల సవర ఊళ్ళలో వాళ్ళు ఇంటి లోపలి గోడ మీద వేసుకునే ఆ ఇడితాల్ అలంకారం కాదు, దేవతలకీ చనిపోయిన పెద్దలకీ పెట్టే చోటు. జబ్బు చేసినా, పంట వేసినా దాని ముందు పూజ ఉంటుంది. గుడ్డల మీదా చీరల మీదా వేసి అమ్ముతున్నారు, అది వాళ్ళ బతుకుతెరువు, కొనండి. మన అరుగు మీద చెప్పులు విడిచే చోట పైన మనమే గీసుకుంటే ఏం బాగుంటుంది?

జయపురం వాసి:
అంత లోతు నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సిరోంచ పిలగాడు:
మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత గోదావరిల కలిసే కాడ. మా దిక్కు ఈ గొడవ దివాళీకే వస్తది. మరాఠీవాళ్ళ లెక్కనే మేమూ ఇంటి ముందట ఆకాశ్ కందీల్, అంటే కాయితం దీపపు బుట్ట కడతం, కొందరు తులసి పెళ్లి దాకా ఉంచుతరు. మా బాపు వెదురు పుల్లలు చీరి కాయితం అతికిచ్చేటోడు, ఇప్పుడు దుకాణంల మడత విప్పితే అయిపోయేటివి దొరుకుతున్నయి. నేను అవే తెస్త, అబద్ధం ఎందుకు. కానీ బాపు వెదురు చీరేటప్పుడు పక్కన కూసున్నది యాదికున్నది గాని, ఏ ఏడు ఏ రంగు కందీల్ కట్టినమో ఒక్కటీ యాదికి లేదు.

కొండకింద మాస్టారు:
ఆర్. ఉదయగిరి పక్కన మాది. మేం క్రైస్తవులం, మాకు ఈ నెలలో వసారాకి వేలాడేది నక్షత్రం. అదే పంచాయితీ మా ఇంట్లోనూ ఉంది, మా అబ్బాయి కాగితం స్టారు రెడీమేడ్‌గా తెస్తానంటాడు, నేను వద్దంటాను. వెదురు బద్దలు ఆరు, మూడేసి కలిపి రెండు త్రికోణాలు, ఒకదాని మీద ఒకటి తిప్పి కట్టి, మధ్యలో చిన్న పుల్లలు అడ్డం పెడితే ఉబ్బుగా నిలుస్తుంది. మైదా ఉడికించిన జిగురుతో గాలిపటం కాగితం అతికించాలి. చెబితే రెండు వాక్యాలు, చేస్తే సాయంత్రం అంతా పడుతుంది, బద్ద ఒకటి తప్పకుండా వేలికి గుచ్చుకుంటుంది.

చేత్తో చేసినదంతా గొప్పదే అని నేననను. మా కొండ మంచుకి కాగితం తెల్లారేసరికి తడిసి అప్పడంలా జారిపోతుంది. రెండేళ్ళు మొండిగా మళ్ళీ మళ్ళీ అతికించి, మూడో ఏడు సిగ్గు విడిచి పైన పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగాను. లోపల పాత నలభై వాట్ల బల్బు పెడితే కాగితం కమిలేది, ఇప్పుడు అర వాటు ఎల్‌ఈడీ. అందువల్ల కోడలమ్మా, మీ మరిది తెచ్చిన తీగ పారెయ్యకండి, అందులో పనికొచ్చేది అదొక్కటే.

చిన్నమ్మాయి అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో జిగురు ఉడికించేది నేను కాదని ఇప్పుడే గుర్తొచ్చింది.

బరంపురం చిన్నమ్మాయి:
మాస్టారూ, ఒప్పుకున్నారు చూడండి, దండం. నేను ఇంట్లో చెయ్యడానికి వ్యతిరేకిని కానే కాదు. పని పంచకుండా పేరు మాత్రం పంచుకునే పద్ధతికి వ్యతిరేకిని.

పర్లాకిమిడి కోడలు:
ఆదివారం అయిపోయింది, జరిగింది చెబుతాను.

శనివారం రాత్రే గోడకి కాగితం అంటించాను. పేడ: మా ఆయన. బియ్యం రుబ్బడం: నేను. కుచ్చు: మరిది. పూలు: పాప. లక్ష్మి పాదాలు: బాబు. మరిది నవ్వాడు, తర్వాత నిజమే అని తెలిసి నవ్వు ఆపేశాడు. గుణుపూర్ బాబాయిగారు చెప్పినట్టు రాత్రి తడి గోనె కప్పించాను (గడ్డి మా పిన్నిగారి పొలం నుంచి వచ్చింది). పొద్దున ఏడింటికి అరుగు మీద కూర్చున్న మనిషి పదకొండు దాకా లేవలేదు, మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లాడు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే కసురుకున్నాడు. కుచ్చు ఎడమ పక్కకి ఒరిగి ఉంది. ఆ సంగతి ఎవరూ అనకూడదు.

పాప గుమ్మడి పాదు దగ్గరకి వెళ్లి ఉన్న పూలన్నీ కోసేయబోయింది. కింద చిన్న కాయ ఉన్నది ఆడ పువ్వు, దాన్ని వదిలెయ్యి, సన్న కాడ ఉన్నదే కొయ్యి అని చూపించాను. మా అత్తగారు నాకు చూపించింది అలాగే. ఏడు దొరికాయి, గొబ్బెమ్మలకి సరిపోయాయి. మా ఆయన చేసిన గొబ్బెమ్మలు ఒక్కొక్కటి కొబ్బరికాయంత ఉన్నాయి, ఎండితే భోగి పిడకల దండలో ఎలా గుచ్చాలో నాకు తెలియదు.

ఇక బాబు. గుడ్డపీలిక పిండిలో ముంచి గుప్పిట్లో పట్టుకుంటే వేలి చివరి నుంచి ధార కడుతుందని నేర్పాను. తడి మీద ఆ గీత సరిగా కనబడదు, ఆరాకే తెల్లగా తేలుతుంది. తీరా ఆరాక చూస్తే లక్ష్మి పాదాలు పదహారూ ఇంట్లోంచి వీధిలోకి వెళ్తున్నాయి. వాడు లోపల మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ వేశాడట. పక్కింటి ఒడియా మామ్మగారు చూసి నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నారు, తర్వాత తడిగుడ్డ ఆవిడే తెచ్చిచ్చారు. తుడిచి మళ్ళీ వేశాం. రెండోసారి వేసిన వాటిలో ఒక పాదానికి ఆరు వేళ్ళున్నాయి, ఉంచేశాం.

స్టిక్కర్లు రాయగడ వారి లాంటి మా స్నేహితురాలికి ఇచ్చాను, సంతోషంగా తీసుకుంది. లైట్ల తీగ స్తంభాలకి చుట్టాం. థర్మోకోల్ కలశం అటక మీద ఉంది, ఏం చెయ్యాలో తెలియదు.

అంతా బాగుంది అనుకునేలోపు బుధవారం పొద్దున కుచ్చు కింది సగం ఖాళీ. పిచ్చుకలు కాదు, ఎలక. దూలం మీద నుంచి తాడు పట్టుకుని దిగినట్టుంది. "చూశావా వదినా, ప్లాస్టిక్‌దైతే తినేదా" అన్నాడు మరిది, కానీ మొహం మాత్రం ఏడుపు మొహం. బాబాయిగారూ, ఏం చెయ్యమంటారు?

గట్టు మీద రైతు, గుణుపూర్:
తాడుతో ఎందుకు కట్టారమ్మా? సన్న ఇనప తీగ వాడండి, దూలం నుంచి రెండు మూరలు కిందికి, గోడకీ స్తంభానికీ దూరంగా వేలాడాలి. సన్న తీగ మీద ఎలకకి పట్టు దొరకడం కష్టం. పిచ్చుకలకి ఇబ్బంది ఉండదు.

గడ్డి ఇంకా ఉందా? లేకపోతే మీ మరిదిని పంపండి, నా దగ్గర ఓ మోపు మిగిలింది.