వెయ్యి ముక్కల పొగబండి

ప్రశ్న (కావలి): నేనూ మా ఆవిడా ఆవిరి రైలు బొమ్మ ఉన్న 1000 ముక్కల జిగ్సా పజిల్‌ను భోజనాల బల్లపై పేరుస్తున్నాము. పట్టాలు, పెట్టెలు కుదిరాయి గాని నల్లని ఇంజను వారం రోజులుగా లొంగడం లేదు. పైగా పూటపూటకూ బల్ల ఖాళీ చేయవలసి వస్తున్నది. ఉపాయం చెప్పగలరా?

జవాబు (ఒంగోలు): ఇటువంటి బొమ్మ సాధారణంగా 70 × 50 సెంటీమీటర్లు ఉంటుంది కనుక, అంతకంటే కాస్త పెద్ద ప్లైవుడ్ చెక్కపై పేర్చి, అన్నం వేళకు దానిని అలాగే మంచం కిందికి తోసేయండి.

జవాబు (బిట్రగుంట): ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరుపడిన ఊరు మాది కాబట్టి చెబుతున్నానండి, ఇంజను నలుపంతా ఒకటి కాదు. బాయిలరు గుండ్రదనం వెంట సన్నని వెలుగు గీత సాగుతుంది, చక్రాలను కలిపే కడ్డీలు ఉక్కురంగులో మెరుస్తాయి. ముందు ఆ ముక్కలను పట్టుకోండి. మిగిలిన వాటిని బుడిపెలు, గంట్లను బట్టి పళ్లాలలో వేరుచేయండి.

ప్రశ్న అడిగినవారు: కడ్డీలు దొరికాయండి, కృతజ్ఞతలు. చివరి ముక్క తానే పెట్టాలని మా ఆవిడ ఒకటి కొంగున ముడివేసుకున్నట్లు ఇప్పుడే తెలిసింది.