కొడుకు ముందే ట్యాక్స్ రిటర్న్ ఫైల్ చేసేశాడు, మా ఈ-ఫైల్ రిజెక్ట్ అయింది, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండి. డాలస్ దగ్గర ఉంటాం, మావాడు ఇక్కడే పుట్టాడు, 20 ఏళ్లు, ఆస్టిన్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు. 2025 సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే 9,800 డాలర్లు వచ్చాయి, కట్ అయిన ట్యాక్స్ వెనక్కొస్తుందని ఎవరో ఫ్రెండ్ చెబితే ఫిబ్రవరిలోనే ఫోన్లో ఫైల్ చేసి రిఫండ్ కూడా తీసేసుకున్నాడు, మాకు ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు మేం మా రిటర్న్‌లో వాణ్ని డిపెండెంట్‌గా (మా మీద ఆధారపడ్డవాడిగా) పెడితే రిజెక్ట్. అసలు అంత సంపాదించాక డిపెండెంట్ అవుతాడా? ఏప్రిల్ 15 దగ్గరకొచ్చేసింది.

జవాబు:
అవుతాడండీ, కంగారు పడకండి. డిసెంబర్ 31కి 24 నిండకుండా, ఏడాదిలో ఏ 5 నెలలైనా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే చాలు, సంపాదన ఎంతన్నది ఇక్కడ చూడరు (అలా కాకపోతేనే 2025కి సంపాదన 5,200 లోపు ఉండాలనే రూల్ వస్తుంది). ఆస్టిన్‌లో ఉన్నా చదువుకి వెళ్లాడు కాబట్టి మీ ఇంట్లో ఉన్నట్టే లెక్క. వాడి ఖర్చులో సగానికి మించి వాడే పెట్టుకోకూడదు అంతే, ఇంటర్న్‌షిప్ డబ్బు బ్యాంకులో దాచుకుంటే అది ఖర్చు కాదు, స్కాలర్‌షిప్ కూడా వాడు పెట్టినట్టు కాదు, కానీ వాడి పేరు మీద లోన్ తీసి ఫీజు కడితే అది వాడి ఖాతాలోకే వెళ్తుంది.

అసలు గొడవ ఒక్క టిక్ దగ్గరే. "నన్ను ఇంకొకరు డిపెండెంట్‌గా చూపించొచ్చు" అన్నచోట వాడు టిక్ పెట్టి ఉండడు, ఈ పిల్లలు నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతారు కదా. ఇప్పుడు వాడు 1040-ఎక్స్ (ముందు వేసిన రిటర్న్‌ని సరిదిద్దే ఫారం) వేసి దాన్ని సరిచేయాలి, మేజర్ కాబట్టి సంతకం వాడే పెట్టాలి. రిఫండ్ పోతుందేమో అని వాడు గునుస్తాడు, పోదని చెప్పండి, డిపెండెంట్‌కైనా జీతం ప్లస్ 450 దాకా స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ పడని మొత్తం) ఉంటుంది, 9,800కి ట్యాక్స్ అప్పుడూ సున్నా ఇప్పుడూ సున్నా. మీరు అది ప్రాసెస్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, నెలలు పడుతుంది, మీ రిటర్న్ ప్రింట్ తీసి 15 లోపు పోస్ట్‌లో పంపేయండి, రసీదు మాత్రం దాచుకోండి.

మీకు వచ్చేది 500 డాలర్ల క్రెడిట్ (ట్యాక్స్‌లో నేరుగా తగ్గేది), దాంతోపాటు కాలేజీ ఫీజుల మీద వచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ 2,500 దాకా. అయితే ఇద్దరి ఆదాయం కలిపి 1,60,000 దాటితే ఈ రెండోది తగ్గుతూ 1,80,000కి పూర్తిగా పోతుంది, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఐటీ అయితే దాని మీద ఆశ పెట్టుకోకండి 😀

ఇంకొకావిడ ప్రశ్న:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు.
మా అమ్మాయి హెచ్4 (హెచ్1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఇక్కడే పెరిగింది, 21 నిండబోతుంటే 2024లో ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారింది. తనకీ ఇదేనా?

జవాబు:
అక్కడే చాలామంది బోల్తా పడతారమ్మా. ఎఫ్1 రోజులు మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు, ట్యాక్స్ కోసం ఇక్కడివాళ్లా కాదా అని చూసే రెసిడెన్సీ లెక్కలోకి రావు, హెచ్4లో ఎన్నేళ్లున్నా సరే. అంటే 2025కి తను నాన్ రెసిడెంట్, ఇండియన్ సిటిజన్ కాబట్టి మీరు డిపెండెంట్‌గా పెట్టకూడదు, తను 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల రిటర్న్) వేసుకోవాలి. మీ ఇంట్లోనే పడుకుని మీ చేతి అన్నమే తింటున్నా అంతే. గ్రీన్‌కార్డ్ వస్తే కథ వేరు.

ప్రశ్న వేసినాయన:
చాలా థాంక్సండీ. వాడితో మాట్లాడా, మొదటి మాటే "నా రిఫండ్ వెనక్కి ఇవ్వాలా డాడీ" అన్నాడు. ఆదివారం మాసిన బట్టలు తీసుకుని ఇంటికొస్తాడు, మెషీన్ తిరిగేలోపు కూర్చోబెట్టి చేయిస్తా. 1098-టి (ఫీజుల లెక్కకి కాలేజీ ఇచ్చే ఫారం) వాడి కాలేజీ పోర్టల్‌లోనే ఉంటుందా?

జవాబు:
అక్కడే ఉంటుంది. బాక్స్ 1లో కట్టిన ఫీజు, బాక్స్ 5లో స్కాలర్‌షిప్, మామూలుగా బాక్స్ 5లోది తీసేశాక మిగిలినదాని మీదే క్రెడిట్. పుస్తకాలు బయట కొన్నా కలుపుకోవచ్చు, బిల్లులు ఉన్నాయేమో వాడి ఈమెయిల్లో వెతకమనండి.