ప్రొబేషన్ విభాగానికి మరో పెద్ద పదవి అవసరమా? (లాస్ ఏంజెలెస్ కౌంటీ)

సెరిటోస్ వాసి:
మాకు దగ్గర్లోని డౌనీలో లాస్ పాడ్రినోస్ అనే బాలల నిర్బంధ కేంద్రం ఉంది. 2019లో మూతపడి, 2023 జులైలో మళ్లీ తెరుచుకుంది. దాన్ని నడిపేది కౌంటీ (అంటే మన జిల్లా లాంటిది) ప్రొబేషన్ విభాగం, అంటే నేరం చేసినవాళ్లను జైలు బయట పర్యవేక్షించే విభాగం. దేశంలోకెల్లా పెద్ద ప్రొబేషన్ విభాగం అదే. అక్కడి గొడవల గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లలో చాలామంది, పిల్లల కేంద్రాల బాధ్యత మాత్రమే చూసే సీనియర్ అధికారి (డిప్యూటీ చీఫ్) పదవి ఒకటి విడిగా ఉండాలంటున్నారు. నాకూ అదే సబబనిపిస్తోంది. పెద్దవాళ్ల ప్రొబేషన్, 2011 సంస్కరణలతో కాలిఫోర్నియా రాష్ట్రం నుంచి కౌంటీల మీద పడ్డ, జైలు నుంచి విడుదలైనవాళ్ల పర్యవేక్షణ, వాటికి తోడు పిల్లల కేంద్రాలు: ఇన్నీ ఒక్క విభాగాధిపతి ఎలా చూడగలరు?

పడమటి గాలి:
నేను ఒప్పుకోను. ఆ ప్రయోగం జరిగిపోయింది. 2023 మొదట్లో, రాష్ట్ర పెరోల్ విభాగం డైరెక్టరుగా పనిచేసిన గియెర్మో వియెరా రోసాను బాలల కేంద్రాల ప్రధాన వ్యూహకర్తగా తెచ్చారు. మార్చిలో అప్పటి అధిపతి అడాల్ఫో గొంజాలెస్‌ను తొలగించారు. మే నెలకల్లా వియెరా రోసానే తాత్కాలిక అధిపతి అయ్యారు. అదే నెలలో సిల్మార్‌లోని బ్యారీ జె. నిడార్ఫ్ కేంద్రంలో 18 ఏళ్ల కుర్రవాడు మత్తుమందు మోతాదు మించి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ కేంద్రం, సెంట్రల్ జువెనైల్ హాల్ రెండూ పిల్లలను ఉంచడానికి పనికిరావని రాష్ట్ర పర్యవేక్షణ బోర్డు తేల్చింది. పిల్లలను లాస్ పాడ్రినోస్‌కు తరలించారు. ఆ తర్వాత? 2023 జులై నుంచి డిసెంబరు వరకు అక్కడ జరిగిన 69 కొట్లాటలకు సంబంధించి 30 మంది అధికారుల మీద నేరాభియోగాలు నమోదయ్యాయని 2025 మార్చిలో బయటపడింది. బాధితులు 143 మంది, వయసు 12 నుంచి 18 ఏళ్లు. పిల్లలు కొట్టుకుంటుంటే ఆపవలసినవాళ్లే ఆ కొట్లాటలు జరగనిచ్చారని, కొన్నిచోట్ల ప్రోత్సహించారని ఆరోపణ.

పై కుర్చీ ఖాళీగా ఉన్నందువల్ల ఇది జరగలేదు. అసలు జబ్బు డ్యూటీ చార్టులో ఉంది. రాష్ట్ర నిబంధన ప్రకారం మెలకువగా ఉండే వేళల్లో 10 మంది పిల్లలకు ఒకరు, నిద్రవేళల్లో 30 మందికి ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలి. ఆ ఒక్కరూ రాకపోతే ఏమవుతుందో ఊహించండి. తలుపు బయటినుంచి తాళం వేసి ఉంటుంది. మరుగుదొడ్డి గదిలో ఉండదు. అర్ధరాత్రి పిల్లవాడు తలుపు కొడతాడు, తీసేవాళ్లు ఉండరు. గదిలో ఏది దొరికితే అందులో మూత్రం పోసుకోవలసి వచ్చిందని తనిఖీల్లో తేలింది. పొద్దున బడికి తీసుకెళ్లేవాళ్లూ లేక తరగతులు పోయాయి. ఈ పనికి డిప్యూటీ చీఫ్ జీతమా? ఆ తలుపు తీసే మనిషికి ఇవ్వాలి ఆ డబ్బు!

మూసీ ఒడ్డు:
హైదరాబాదు నుంచి చిన్న సందేహం. ఇక్కడ ప్రొబేషన్ అధికారి పిల్లవాడి ఇంటి పరిస్థితులు విచారించి జువెనైల్ జస్టిస్ బోర్డుకు నివేదిక ఇస్తారు. అక్కడ కాపలా పని కూడా వాళ్లదేనా?

పడమటి గాలి:
అవునండీ, కాలిఫోర్నియాలో రెండూ ప్రొబేషన్ విభాగం కిందే. పైగా రాష్ట్రం తన సొంత బాలల జైళ్లను 2023 జూన్ 30న మూసేయడంతో, తీవ్రమైన కేసుల కుర్రవాళ్లు కూడా కౌంటీలకే వచ్చారు. పిల్లల బాధ్యతను క్రమంగా ప్రొబేషన్ నుంచి తప్పించాలని ఇదే కౌంటీ 2022లో యువజన అభివృద్ధి విభాగాన్ని ప్రారంభించింది. మిగిలిన డబ్బుంటే అటు పంపాలి.

పాత గుమాస్తా:
ప్రభుత్వ కార్యాలయంలో పోస్టుల ఫైళ్లే చూసి రిటైరైన మనిషిని కాబట్టి ఒక మాట. చార్టులో జబ్బు ఉందన్నారు, నిజం. కానీ ఆ చార్టు ఎవరిది? దీర్ఘకాలిక సెలవులో ఉన్న ఉద్యోగి పోస్టు కాగితం మీద నిండే ఉంటుంది, దాన్ని మరొకరితో భర్తీ చేయలేరు. వచ్చినవాళ్లనే రెండో షిఫ్టుకు ఆపేస్తారు. వారం తిరిగేసరికి వాళ్లూ సెలవు పెడతారు. ఫీల్డ్ ఆఫీసుల నుంచి మనుషులను తెస్తే అక్కడి పని ఆగుతుంది. సెలవుల పరిశీలన ఒక శాఖది, నియామకం ఇంకో శాఖది, క్రమశిక్షణ చర్య మరొకరిది. కేంద్రం సూపరింటెండెంటు చేతిలో ఇందులో ఒక్కటీ ఉండదు. ఈ మూడూ ఒకే సంతకం కిందికి తెచ్చే పదవైతే దానికి నేను చేయెత్తుతాను. "వ్యూహం" అనే పేరుతో సమావేశాలు పెట్టే పదవైతే వద్దు.

సెరిటోస్ వాసి:
గుమాస్తా గారూ, అంత అధికారం కౌంటీ ఇస్తుందంటారా? యూనియన్ ఒప్పందం, సివిల్ సర్వీసు రక్షణలు ఉన్నాయి కదా?

పాత గుమాస్తా:
అదే చిక్కు. 2025 జులైలో రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బోంటా కోర్టును కొత్త డిప్యూటీని పెట్టించమని అడగలేదు. కేంద్రాల నిర్వహణను కౌంటీ చేతిలోంచి తీసి రిసీవర్‌కు, అంటే కోర్టు నియమించే నిర్వాహకుడికి, అప్పగించమన్నారు. 2021లో రాష్ట్రానికీ కౌంటీకీ మధ్య కుదిరిన ఒప్పందం అమలుకాలేదని ఆయన వాదన. మామూలు పదవితో ఇది తేలదని రాష్ట్రమే అనుకున్నట్టు కాదా? అయినా, కౌంటీని నడిపే ఐదుగురు సూపర్‌వైజర్ల బోర్డు ముందుకు కొత్త పదవి ప్రతిపాదన వచ్చిన రోజున జీతం అంకె మీద వాదించి లాభం లేదు. పదవి వివరణ కాగితం అడగండి. సెలవుల మీద నిర్ణయం ఎవరిదని రాశారో చూడండి.

పడమటి గాలి:
ఆ కాగితంలో ఇంకొకటి కూడా ఉండాలి: ప్రతి షిఫ్టులో ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు అన్న లెక్క వారం వారం ప్రజలకు చూపించడం. దానికి ఒప్పుకునే అధికారి దొరికితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం అలాగే ఉంటుంది. అంతవరకు ఆ జీతంతో రాత్రి షిఫ్టుకు మనుషులను తీసుకోమనే బోర్డుకు రాస్తాను. సమావేశాలు మంగళవారాల్లో జరుగుతాయి, రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపవచ్చు. సెరిటోస్ వాసి గారూ, మీరు దగ్గర్లోనే ఉన్నారు కాబట్టి, మీ పేరు కూడా చేర్చమంటారా?