జీడి పిక్కల కంటైనర్లు కొలంబో మీదుగా విశాఖకు: కస్టమ్స్ 'స్విఫ్ట్' డిక్లరేషన్, ఆరిజిన్ సర్టిఫికెట్ సందేహాలు

పలాస_పిక్కలు: గినియా బిస్సావ్ నుంచి నాలుగు కంటైనర్ల పిక్కలు, 80 కిలోల గోనె సంచుల్లో, కొలంబోలో ఓడ మారి విశాఖకు వస్తున్నాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కి తెలిపే పత్రం) కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో సొంతంగా వేద్దామని ఉంది. ప్లాంట్ క్వారంటైన్‌కి (మొక్కల తెగుళ్లు చూసే శాఖకి) వేరే దరఖాస్తు పెట్టాలా? కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టే ఈ-సంచిత్‌లో ఏవేవి ఎక్కించాలి? సుంకం మినహాయింపుకి ఏం రాయాలి? ఐజీఎస్టీ (దిగుమతి మీద జీఎస్టీ) ఎప్పుడు కట్టాలి?

హార్బర్_రోడ్: ముందు తేదీ చూసుకోండి. ఓడ చేరే రోజుకి ముందు రోజు ముగిసేలోపు బిల్లు పడాలి. ఆదివారం, పండగ అన్న మినహాయింపు లేదు. దాటితే మొదటి 3 రోజులు రోజుకి 5,000, ఆపైన రోజుకి 10,000. ఓడ రావడానికి 30 రోజుల ముందు నుంచే వేయొచ్చు కదా, ఆఖరి రాత్రి దాకా ఎందుకు?

పీడీఎఫ్_పంతులు: ఈ-సంచిత్‌లో ఒక్కో కాగితం ఒక్కో ఫైలుగా, నలుపు తెలుపులో, 200 డీపీఐతో స్కాన్ చేయండి. ఫైలు 1 ఎంబీ దాటకూడదు. రంగుల్లో స్కాన్ చేస్తే నాలుగు పేజీలకే దాటిపోతుంది. డిజిటల్ సంతకం పెట్టి ఎక్కించగానే ఆ కాగితానికి ఐఆర్ఎన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది. దాన్ని బిల్లులో ఆ వస్తువుకి జత చేయకపోతే కాగితం ఐస్‌గేట్‌లో ఉన్నా అధికారికి కనపడదు. అధికారులు అడిగే క్వెరీల్లో సగం ఇక్కడే పుడతాయి.

సున్నా_సుంకం: సుంకం మినహాయింపుకి సరుకు నేరుగా రావాలి. కొలంబోలో దిగిందంటే నేరుగా రవాణా కానట్టే. బిల్లులో 'నేరుగా వచ్చిందా' అనే గడిలో 'కాదు' అని పెట్టి సుంకం కట్టేయండి.

బ్రోకర్_గాజువాక: తప్పు చెప్పకండి, ఎదుటివాళ్ల డబ్బు పోతుంది. నేను ఎఫ్-కార్డు (కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష పాసైనవాళ్లకిచ్చే కార్డు) ఉన్నవాణ్ణి. సరుకు కొలంబోలో కస్టమ్స్ అదుపులోనే ఉండి, దించి ఎక్కించడం తప్ప ఇంకేం జరగకపోతే నేరుగా వచ్చినట్టే లెక్క. బిస్సావ్‌లో ఇచ్చిన త్రూ బిల్ ఆఫ్ లేడింగ్ (మొత్తం ప్రయాణానికి ఓడ కంపెనీ ఇచ్చే ఒకే సరుకు రసీదు) ఉండాలి, దాని మీద విశాఖ ఉండాలి.

సున్నా_సుంకం: కార్డు ఉంటే సరిపోతుందా? కొలంబోలో కొత్త బిల్ ఆఫ్ లేడింగ్ రాయించి ఇచ్చే సప్లయర్లు ఎంతమంది లేరు?

బ్రోకర్_గాజువాక: అలా కొత్తది రాయిస్తే మినహాయింపు పోతుంది, ఒప్పుకుంటా. మీరు మొదట అన్నది అది కాదు. దిగితే చాలు పోయిందన్నారు.

సున్నా_సుంకం: రెండింటికీ తేడా ముందే చెప్పి ఉంటే నాకీ మాట వచ్చేది కాదు.

కారోటార్_చదివినవాడు: ఇద్దరూ అసలు గడులు వదిలేశారు. అల్పాభివృద్ధి దేశాల మినహాయింపు నోటిఫికేషన్ 96/2008 నంబరు ప్రతి వస్తువుకీ వేయాలి. ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఏ దేశానిదో చెప్పేది) నంబరు, తేదీ, ఆరిజిన్ ప్రమాణం, అక్యుములేషన్ (వేరే దేశాల ముడిసరుకు కలిపి లెక్కించడం) ఉందా, సర్టిఫికెట్ మూడో దేశం ఇచ్చిందా, నేరుగా వచ్చిందా, ఇవన్నీ బిల్లులోనే రాయాలి. పిక్కలు అక్కడ పండినవి కాబట్టి ప్రమాణం 'పూర్తిగా అక్కడే లభించినవి'. కారోటార్ (ఆరిజిన్ రుజువు చూసే కస్టమ్స్ నిబంధనలు) ఫారం-1 వివరాలు 5 ఏళ్లు దగ్గర ఉంచుకోవాలి. కారోటార్ 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉంది. ఐవరీ కోస్ట్, ఘనా ఈ జాబితాలో లేవు. సంచుల మీద ఆ దేశాల ముద్రలుంటే మీ సర్టిఫికెట్ మీద అనుమానం వస్తుంది.

పప్పు_ఎగుమతి: దిగుమతి సంగతి సరే, జీడిపప్పు ఎగుమతి చేశాక ఎస్‌బీ005 (ఇన్‌వాయిస్ నంబరు సరిపోలని) ఎర్రర్‌తో ఐజీఎస్టీ రీఫండ్ ఆగితే ఏం చేస్తారు? షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌కిచ్చే పత్రంలో) ఒక ఇన్‌వాయిస్ నంబరు, జీఎస్‌టీఆర్-1 రిటర్న్ టేబుల్ 6ఏలో గీత ఉన్న నంబరు.

పీడీఎఫ్_పంతులు: తప్పు రిటర్న్‌లో ఉంటే టేబుల్ 9ఏలో సవరించండి. షిప్పింగ్ బిల్లులో ఉంటే కాంకార్డెన్స్ టేబుల్‌తో (రెండు చోట్ల ఇన్‌వాయిస్ నంబర్లు పోల్చి చూపే పట్టికతో) కస్టమ్స్ అధికారి దగ్గరికే వెళ్లాలి.

హార్బర్_రోడ్: దారం పట్టు తప్పుతోంది. ఆయన అడిగింది పిక్కల గురించి.

మర్రిపాలెం_ఫైటో: క్వారంటైన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. స్విఫ్ట్ (కస్టమ్స్‌కి, ఇతర శాఖలకి కలిపి ఒకే కిటికీ విధానం) 2016 ఏప్రిల్ 1న వచ్చినప్పుడు తొమ్మిది వేర్వేరు ఫారాల బదులు ఒకే డిక్లరేషన్ అయింది. వివరాలు అందులో నింపితే క్వారంటైన్ వాళ్లకి వెళ్తాయి. తనిఖీ, శాంపిల్, విడుదల మాత్రం వాళ్ల నిర్ణయమే. ఒకే కిటికీ అంటే ఒకే చోట దాఖలు, అంతే. వృక్షశాస్త్ర నామం 'అనకార్డియం ఆక్సిడెంటేల్' ఫైటో సర్టిఫికెట్‌లో (సరుకుకి తెగుళ్లు లేవని ఎగుమతి దేశం ఇచ్చే పత్రంలో) ఉన్నట్టే రాయండి. ఫైటోలో ఫ్యూమిగేషన్ (పురుగులు చావడానికి గ్యాస్ పట్టించడం) గడి ఖాళీగా ఉండకూడదు: మిథైల్ బ్రోమైడ్, ఘనపు మీటరుకి ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలు, ఎన్ని డిగ్రీలు. మామూలుగా 32 గ్రాములు, 24 గంటలు, 21 డిగ్రీలు. సంచుల సంఖ్య, బరువు బిల్ ఆఫ్ లేడింగ్‌తో ఒక్కటే కావాలి.

పలాస_పిక్కలు: ఫైటోలో గంటలు రాయలేదండీ. ఓడ ఇంకా కొలంబో చేరలేదు.

మర్రిపాలెం_ఫైటో: అయితే ఇవాళే సప్లయర్‌కి చెప్పి అక్కడ ఫైటో ఇచ్చిన అధికారితోనే సవరించిన ఫైటో తెప్పించండి. బిల్లు వేశాక మార్చడం కష్టం.