మోకాళ్ళు ‘అరిగిపోవడం’: ఏ అర్థంలో అరుగుతున్నాయి?

విజయవాడలో ఏ ఎముకల డాక్టరు గది బయట కాసేపు కూర్చున్నా వినిపించే మాట ఒకటే: ‘గుజ్జు అరిగిపోయిందట.’ ఆస్టియోఆర్థ్రైటిస్‌కు మనవాళ్ళు స్థిరపరచుకున్న పేరు అరుగుదల. ఈ మాటను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి మాటతో పాటు మనుషుల నడక గురించి కూడా నాకు పట్టింపు ఉంది.

అరగడం అనగానే మనకు తోచేది రాపిడి. చెప్పు అరుగుతుంది, సానమీద గంధపుచెక్క అరుగుతుంది, పని కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతాం. ఈ అర్థమే మోకాలికీ పట్టించుకుని, ‘నడిస్తే ఉన్నది కాస్తా అరిగిపోతుంది’ అని ప్రకాశం బ్యారేజీ మీద పొద్దుటి నడక మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. నాకు బాధ కలిగించేది ఇదే. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి (జనం గుజ్జు అనేది దీన్నే) రక్తనాళాలు లేవు. కదిలినప్పుడు పడే ఒత్తిడికి అందులోని ద్రవం బయటికి వెళ్ళి, ఒత్తిడి తగ్గగానే మళ్ళీ లోపలికి చేరుతుంది. దాని పోషణ చాలావరకు అలా జరిగేదే. కదలిక మానేస్తే ఆ కణాలకు తిండి తగ్గుతుంది, మోకాలిని కాచే తొడ కండరాలూ సన్నబడతాయి.

అయితే అరుగుదల అన్న మాటను తీసేయాలని నేను అనడం లేదు. అరుగు అనే క్రియకు మనకు ఇంకో అర్థం ఉంది: తిన్నది అరగడం. సంస్కృతంలోని జీర్ణ శబ్దానికీ ఇవే రెండు ముఖాలు. గుడి శిథిలమైతే జీర్ణోద్ధరణ చేస్తాం, పసిబిడ్డకు పాలు పట్టి పొట్ట నిమురుతూ ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అంటాం. మోకాలిలో జరుగుతున్నది ఎక్కువగా ఈ రెండో రకం అరుగుదలే. మృదులాస్థి కణాలు తామే తయారు చేసే ఎంజైములు తమ చుట్టూ ఉన్న పదార్థాన్ని అరిగిస్తాయి. ఎంఎంపీ-13 అనేది రెండో రకం కొలాజెన్ అనే ప్రోటీను పోగులను కోస్తుంది. అడామ్‌టీఎస్-4, 5 అనేవి నీటిని పట్టి ఉంచే అగ్రెకాన్‌ను తెంచుతాయి. ఆ కొలాజెన్‌లో సగం కొత్తదిగా మారడానికి వంద ఏళ్ళకు పైగా పడుతుందని అంచనా. అంటే యౌవనంలో అల్లుకున్నదే చివరిదాకా ఆధారం. అది జీర్ణమైపోతే మళ్ళీ ఆ నాణ్యతతో రాదు.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయిని:
మాస్టారూ, కావ్యభాషలో అరుగు అంటే వెళ్ళడం కూడా. ‘అరిగెను’ అంటే వెళ్ళాడు అని చెబితే తరగతిలో పిల్లలు నమ్మరు. మీరు చెప్పిన జీర్ణార్థం నాకు నచ్చింది. కానీ ఆ కణాలు నిన్నటిదాకా ఊరుకుని, ఈ వయసులో ఆ ఎంజైములను ఎందుకు తయారు చేస్తున్నాయి? జన్యువులు పుట్టినప్పటివే కదా?

జవాబు:
సరైన చోట పట్టుకున్నారు మేడం. జన్యువుల అక్షరాలు దాదాపు అవే. మారేది వాటి పలుకుబడి. కంటి కణంలోనూ మోకాలి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది, ఏ జన్యువు పలకాలి, ఏది మౌనంగా ఉండాలి అన్నదే తేడా. ఆ నియంత్రణను చదివే శాస్త్రం ఎపిజెనెటిక్స్.

మీరు భాష చెప్పేవారు కనుక మన లిపినుంచే చెబుతాను. ‘క’ మీద పొల్లు పెడితే అక్షరం పోలేదు, అచ్చు మాత్రం పోయింది. డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు చేరడం అలాంటిదే. జన్యువు మొదలయ్యే చోట ఈ గుర్తులు దట్టంగా ఉంటే సాధారణంగా అది పలకదు. ఆరోగ్యంగా ఉన్న మృదులాస్థిలో అరిగించే ఎంజైముల జన్యువులు ఇలా అణిగి ఉంటాయి. అరుగుదల వచ్చిన కీళ్ళ కణాలను పరీక్షిస్తే ఎంఎంపీ-3, ఎంఎంపీ-9, ఎంఎంపీ-13, అడామ్‌టీఎస్-4 జన్యువుల ముందు కొన్ని నిర్దిష్ట స్థానాల్లో ఆ గుర్తులు ఊడిపోయి కనిపించాయి. పొల్లు చెరిగింది, అక్షరం పలికింది. వాపు కలిగించే ఇంటర్‌ల్యూకిన్-1 వంటి వాటితో మృదులాస్థి కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచితే ఇలాంటి మార్పే వచ్చింది. విభజన తరువాత పిల్లకణాలకూ అది సంక్రమించింది. ఒకసారి మొదలైన అరుగుదల తనంతట తాను ఎందుకు ఆగదో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

మిథైల్ ఒక్కటే కాదు. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద పడే గుర్తులూ ఉన్నాయి. జన్యువుల పలుకును అణిచే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలను మైక్రో ఆర్ఎన్ఏలు అంటారు. వాటిలో మృదులాస్థిలో ఎక్కువగా ఉండే మైక్రో ఆర్ఎన్ఏ-140 అయితే అడామ్‌టీఎస్-5ను అదుపులో పెడుతుంది. అరుగుదలలో అది తగ్గుతుంది. అది లేకుండా పుట్టించిన ఎలుకలకు వయసుతో కీళ్ళు దెబ్బతిన్నాయి.

గుంటూరు మిరపయార్డు దగ్గర నుంచి ఒక సభ్యుడు:
మా అమ్మ ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది. ఇప్పుడు లేవాలంటే గోడ పట్టుకోవాలి. అమ్మమ్మకూ మోకాళ్ళ బాధే. ఇది రాతా, పని ఫలితమా మాస్టారూ?

జవాబు:
రెండూ బాబూ, అవి విడివిడిగా కూడా లేవు. బ్రిటన్‌లో కవల సోదరీమణుల మీద 1996లో వచ్చిన అధ్యయనం చేతి, మోకాలి కీళ్ళ అరుగుదలలో వంశం వాటాను 39 నుంచి 65 శాతం మధ్య అంచనా వేసింది. మిగతాది బతుకు: బరువు, పాత దెబ్బలు, గంటల తరబడి గొంతుక్కూర్చునే పని. జీడీఎఫ్-5 అనే జన్యువునే తీసుకోండి. అందులో ఒక్క అక్షరం తేడాగా పుట్టినవారిలో ఆ జన్యువు తయారు చేయించే ప్రోటీను కాస్త తక్కువగా తయారవుతుంది, అరుగుదల ముప్పు కొంత పెరుగుతుంది. ఆ లోటు ఎంత అన్నది మళ్ళీ అక్కడి మిథైల్ గుర్తులను బట్టి మారుతుంది. రాత మీద బతుకు దిద్దే చోటు అదే.

అమ్మగారికి ఎత్తు పీట వేసి కూర్చునే వీలు చూడండి, ఫిజియోథెరపీ వారి దగ్గర తొడ కండరాలకు వ్యాయామం నేర్పించండి. బరువు ఎక్కువైతే తగ్గడం నిజంగా మేలు చేస్తుంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క కట్టారు. జన్యువులను సరిచేసే నూనె అనో, పొడి అనో ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఈ గుర్తులను సరిదిద్ది అరుగుదలను ఆపే మందు ఇంకా ఏదీ ఆమోదం పొందలేదు. పరిశోధనకు దొరికే మృదులాస్థిలో చాలా భాగం కీలు మార్పిడి శస్త్రచికిత్సలో తీసినదే, అంటే జబ్బు బాగా ముదిరినది. అందువల్ల చెరిగిన గుర్తు జబ్బుకు కారణమా, జబ్బు వల్ల చెరిగిందా అన్నది ప్రతి జన్యువు విషయంలోనూ విడిగా తేల్చాలి.

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక అనువాదకుడు:
ఎపిజెనెటిక్స్‌ను ‘బాహ్యజన్యుశాస్త్రం’ అని రాయవచ్చా?

జవాబు:
నాకు ఒప్పదు. మిథైల్ గుర్తు జన్యువుకు బయట ఉండేది కాదు, దానికే అంటుకుని ఉంటుంది. 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ ఈ పేరు పెట్టినప్పుడు పిండాభివృద్ధికి సంబంధించిన ‘ఎపిజెనెసిస్’ అనే పాత మాటను మనసులో పెట్టుకున్నారు. ఎపి అంటే గ్రీకులో మీద, పైన. మన ‘అధి’ ఉపసర్గ ఆ పని చేయగలదు కనుక ‘అధిజన్యుశాస్త్రం’ అంటాను. మామూలు పాఠకుడికి రాసేటప్పుడు మాత్రం ఎపిజెనెటిక్స్ అనే ఉంచి, పక్క వాక్యంలో ‘జన్యువుల మీది గుర్తులు’ అని విప్పి చెప్పడం మేలు.

మృదులాస్థికి ‘గుజ్జు’ కాకుండా మీ ఊళ్ళో వేరే మాట ఏదైనా వాడుకలో ఉంటే దయచేసి కింద రాయండి. గుజ్జు అంటే మెత్తగా నలిగేది అనిపిస్తుంది. మృదులాస్థి నునుపుగా, బిగువుగా ఉండే కణజాలం. మాంసం కొట్టేవారో, పశువైద్యులో, పాత తరం మంత్రసానులో వాడే మాట దొరికితే ఇంకా మంచిది.