సముద్రం అడుగున ఉండే చేపలు తగ్గిపోతుంటే 61 రోజుల నిషేధం సరిపోతుందా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా మేనమామగారికి నిజాంపట్నంలో ఒక మరబోటు ఉంది. సముద్రం అడుగును ఈడ్చుకుంటూ పోయే ట్రాల్ వల వేస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి బోటు ఒడ్డునే ఉంటుంది. అయినా టేకు చేప, సొర వంటివి ఒకప్పటిలా పడడం లేదనీ, పడ్డవాటిలోనూ బెత్తెడు దాటనివే ఎక్కువనీ ఆయన అంటున్నారు. కెనడా, అమెరికాల్లో లాగా కోటా (ఇంత చేపే పట్టాలన్న పరిమితి) పెడితే మన దగ్గర పనిచేస్తుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (విజయవాడ నుంచి):
కెనడా పేరెత్తారు కాబట్టి చెబుతున్నాను, న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కోటా అమల్లో ఉండగానే కూలిపోయింది. 1968లో 8 లక్షల టన్నులు పట్టారు. 1977లో 200 మైళ్ల హద్దు గీసి విదేశీ ఓడలను పంపేశాక సొంత ట్రాలర్లు పెరిగాయి. 1992 జులై 2న వేట ఆపేయవలసి వచ్చి సుమారు 30 వేల మందికి పని పోయింది. సముద్రంలో ఎంత చేప మిగిలిందన్న లెక్క తప్పడానికి ఒక ముఖ్య కారణం, ట్రాలర్లకు గంటకు పడే చేప తగ్గకపోవడమే. మిగిలిన చేపలు గుంపుగా ఒకచోట చేరుతుంటే, మంచి పరికరాలున్న బోట్లు సరిగ్గా అక్కడికే వెళ్లేవి. ఒడ్డుకు దగ్గరగా వేటాడే చిన్న పడవలవారు మాత్రం చేప తగ్గిందనీ, సైజు పడిపోయిందనీ ముందే మొత్తుకున్నారు. అందుకే మీ మేనమామగారి బెత్తెడు మాటను నేను తేలిగ్గా తీసుకోను. అక్కడ నిషేధం అధికారికంగా ఎత్తివేసింది 2024లో, అదీ 18 వేల టన్నుల పరిమితితో.

జవాబు 2 (గుంటూరు నుంచి):
అమెరికా పశ్చిమ తీరంలో 2011 నుంచి ట్రాలర్లకు విడివిడి కోటాలున్నాయి. అయితే దానికి ముందు, 2003లోనే, 90కి పైగా బోట్లను కొనేసి వేట నుంచి తప్పించారు. ఆ సొమ్ములో ఎక్కువ భాగం మిగిలిన బోట్లవారే తమ రాబడి నుంచి తీర్చవలసిన అప్పు. కోటా వచ్చాక ప్రతి వేటకూ ఒక పరిశీలకుడు వెంట ఉండాలన్నారు. మన వలలో ఒక్క లాగుడుకే పదుల రకాలు పడతాయి. వాటన్నిటినీ రకాలవారీగా ఎవరు తూస్తారు? మనకు బోట్ల సంఖ్య, వల కన్ను (అల్లికలోని రంధ్రం) సైజు, ఈ రెండే పట్టుకోగలిగినవి. నిషేధాన్ని 2015లో 47 రోజుల నుంచి 61కి పెంచారు, మంచిదే. కానీ జూన్ 15న అవే బోట్లు అవే సన్నకన్ను వలలతో దిగితే, ఆ రెండు నెలల్లో ఎదిగిన చేపపిల్లే మొదట పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కన్ను పెద్దది చేస్తే డీజిల్ డబ్బు కూడా రాదంటున్నారు. చిన్న చేపను దాణా మిల్లులకు కొనేవారు ఉన్నారు కదా.

జవాబు 2:
తొలి రోజుల్లో నష్టం ఉంటుంది, కాదనను. మామూలు కన్ను వల లాగినప్పుడు సాగి మూసుకుపోతుంది. వల చివరి సంచికి చదరపు కన్ను పెడితే అది తెరుచుకునే ఉండి పిల్లలు జారిపోతాయి. అయితే ఒక్క బోటు మార్చుకుంటే అది వదిలిన పిల్లను పక్కబోటు పడుతుంది, కాబట్టి హార్బరు మొత్తం ఒకేసారి మార్చాలి. కేరళ 2017 నాటికి 58 రకాలకు కనీస సైజు నిర్ణయించింది. అలా చేస్తే తనిఖీ సముద్రంలో కాక ఒడ్డున, కాటా దగ్గరే చేయవచ్చు. మిల్లువాడు కూడా కొనలేడు.